మెడలో రెండు కెమెరాలు

మెడలో రెండు కెమెరాలు వేలాడుతుంటే కృపామణి ఆ బడి గేటు దాటి గ్రౌండులోకి అడుగుపెట్టింది. ఒకటి పొట్టకు తగులుతోంది, ఇంకొకటి పక్కటెముకలను పొడుస్తోంది. రెండూ ఆమెవి కావు. గంట తిరిగేసరికి ఒకటి ఆమెదవుతుంది, రెండోది అంగడికి వెనక్కి పోతుంది. ఏది ఉంటుంది, ఏది పోతుంది అన్నది ఈ గంటలోనే తేలాలి. తలుచుకుంటే పోటీ మొదలయ్యే ముందు ఈల కోసం చెవులు రిక్కించి నిలబడినట్టే ఉంది. ఈ వయసులో ఇదేమిటి, సంతలో బొమ్మ కొనిపించుకోబోయే చిన్నపిల్లలా, అనుకుంది గానీ నవ్వు ఆగలేదు. కాసేపటి కిందట పాత కెమెరాలమ్మే గిరి అంగట్లో ఆమె రెండింటినీ చేతుల్లో పెట్టుకుని ఎటూ తేల్చుకోలేకపోతుంటే అతనే దారి చెప్పాడు. “ఈడ నిలబడి నన్ను ఫొటో తీస్తే ఏం తెలస్తాది మేడం, నేనేమన్నా పరిగెత్తతానా? సందు దాటితే బడి గ్రౌండు ఉండాది, పిల్లోళ్లు ఆడతా ఉంటారు. రెండూ తీసకపోయి సూడండి. మీ ఫోను మాత్రం ఈడ పెట్టి పోండి, అంతే.” ఫోను లేని చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో! ఇప్పుడెవరూ పిలవరు. పిల్లల హాజరు అప్‌లోడ్ చేశారా మేడం అని ఎవరూ అడగరు. ఎదురుగా కొండ సాయంత్రపు ఎండకు ఎర్రబారుతోంది, కింద మట్టి కూడా అదే రంగు, ఆ మట్టిలో పసుపు టీషర్టుల ఆడపిల్లలు ఖో-ఖో ఆడుతున్నారు. ఇంకేం కావాలి?

“ఏం మే కృపా, పెండ్లికి పోతా ఉండావా, పోలీసు డ్యూటీకా?” అని నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది శకుంతలమ్మ. ఈ బడిలో ఆటలు నేర్పేది ఆమే. సత్యవేడు దగ్గరి ఊళ్లో కృపామణి చేసేదీ అదే ఉద్యోగం కాబట్టి, పోటీలు జరిగిన ప్రతి ఊళ్లోనూ ఇద్దరూ ఎదురెదురు జట్లతో నిలబడి, పిల్లలు గెలిచినా ఓడినా చివర్లో ఒకే టీ బంకు దగ్గర తేలినవాళ్లే. “కెమెరా కొనేదానికొచ్చినాను అక్కా. రెంటిలో ఏది మంచిదో తెల్లా. మీ పిల్లోళ్లని ఒక తూరి తీసి సూసుకుంటా,” అంది కృపామణి. “తీసుకో. శనివారం చిత్తూర్లో మా వాళ్లు మీ వాళ్లని ఓడగొడతారే, అది కూడా తియ్యాల మరి,” అని శకుంతలమ్మ నవ్వి, ఈల నోట్లో పెట్టుకుని పోలు దగ్గరికి పోయింది. శనివారం.

ముందు చిన్నది తీసింది. కొత్తదానిలా మెరుస్తోంది, అరచేతిలో ఇమిడిపోయింది, తెర అటూ ఇటూ తిరుగుతుంది, తీసిన ఫొటో అక్కడికక్కడే ఫోనులోకి పోతుందట. భర్త జయరావు అయితే గిరి ముందే ఫోనుకు పంపిన ఫొటోలు చూసి ఇదే అన్నాడు. ఇంకో ఏడాది గ్యారంటీ ఉంది, నీ బ్యాగులో పడుతుంది, ఆ ఇనప గుండు నీకెందుకు అన్నాడు. స్టాఫ్ రూములో లెక్కల మేడం కూడా ఇదే అంది. అందరూ ఒక మాట మీదుంటే ఎందుకో కృపామణికి కాలు నిలవదు. సరే, చూద్దాం. లైను చివర పోలు దగ్గర ఒక పొడుగాటి పిల్ల తరుముతోంది, తప్పించుకునే పిల్ల వంగి, నిక్కి, తిరిగి, పోలు చుట్టూ తిరగబోయింది, పొడుగు పిల్ల ఎగిరింది, కృపామణి నొక్కింది. టిక్. ఎంత మర్యాదైన చప్పుడు, పెద్దింటి కోడలు తలుపు మూసినట్టు. తెర క్షణం నల్లబడి మళ్లీ వెలిగింది. చూస్తే దుమ్ము. దుమ్ములో బోర్లాపడి ఒక పిల్ల, అదీ ఎక్కడో దూరంగా, చీమంత. పక్కన ఖాళీ పోలు. మళ్లీ తీసింది. మళ్లీ దుమ్మే. ఇంకోసారి తీస్తే ఒక మోచెయ్యి, మూడొంతుల ఆకాశం. ఈ దుమ్ము ఆమెకు బాగా తెలుసు, ఆమె ఫోను నిండా ఇదే దుమ్ము. ఏళ్ల తరబడి తీసిన ఫొటోలన్నిటిలోనూ పిల్లలు అప్పుడే పడిపోయి ఉంటారు, లేదంటే ఇంకా లేచి ఉండరు. నిలబెట్టి తీసినవి మాత్రం బ్రహ్మాండంగా ఉంటాయి. వరసగా నిల్చుని చేతులు కట్టుకుని, కప్పు మధ్యలో పెట్టి, పక్కన హెడ్మాస్టరు, ఆ పక్కన ఊరి పెద్దలు. ఆ ఫొటోలు చూస్తే ఈ పిల్లలు ఖో-ఖో ఆడారో, పద్యాలు అప్పజెప్పారో ఎవరూ చెప్పలేరు.

తన జట్టులోని పదో తరగతి పిల్ల ఐశ్వర్య అన్నది కూడా అదే. పోయిన వారం ప్రాక్టీసు అయ్యాక మోకాళ్ల మీది మట్టి దులుపుకుంటూ వచ్చి, కృపామణి ఫోను తీసుకుని, తన ఫొటోలన్నీ వేలితో నెట్టి నెట్టి చూసి, వెనక్కి ఇచ్చేసింది. “అందురూ నేను డైవ్ కొడితే బాగుంటాది అంటారు మేడం. ఎట్టుంటానో నాకు మాత్రం తెల్దు.” అంతే. ఏడవలేదు, అడగలేదు, ఆకాశం ఎలా ఉందో చెప్పినట్టు చెప్పి నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ పిల్ల తల్లి నాగులమ్మ కంపెనీ క్యాంటీన్లో పని చేస్తుంది, పదో తరగతి అయ్యాక కూతుర్ని తిరుపతిలో హాస్టల్ కాలేజీలో చేర్చడానికి అన్నీ మాట్లాడేసింది, తప్పు పట్టడానికేముంది, పిల్ల చదువుతుంది కూడా. “ఆడ గ్రౌండే లేదంట మేడం, మేడ మీద మేడ, అంతే,” అంది ఐశ్వర్య. అంటే చిత్తూరులో శనివారం ఆడేదే ఆఖరు. ఆ పోలు దగ్గర ఆ పిల్ల గాల్లోకి లేచేది ఒక నాలుగైదు సార్లు ఉంటుందేమో. ఆ తర్వాత ఆ శరీరం అలా లేవదు. మరిచిపోతుంది. శరీరం ఎంత తొందరగా మరిచిపోతుందో కృపామణికి ఇంకొకరు చెప్పాలా? అవన్నీ దుమ్ములో కలిసిపోకుండా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పట్టుకోవాలి. ఆ రాత్రే జయరావుతో అంది, కెమెరా కొంటానని. మిక్సీ కొంటానన్నంత మామూలుగా అందామనుకుంది గానీ అరిచినట్టే వచ్చింది.

చిన్నదాన్ని పక్కకు జరిపి పెద్దదాన్ని ఎత్తింది. అబ్బా, బరువు! నల్లగా, మొరటుగా, ముందు పొడుగాటి లెన్సు మూతి చాపుకుని ఉంది. పట్టుకునే చోట రబ్బరు అరిగి నున్నబడింది, ఆ రబ్బరు సందుల్లో పసుపు ఇరుక్కుని ఉంది. శ్రీకాళహస్తి వైపు పెళ్లిళ్లు తీసే ఒకాయన అమ్ముకున్నాడట. ఎన్ని తలంబ్రాలు పడ్డాయో దీని మీద, ఎంతమంది పెళ్లికూతుళ్లు దీని ముందు తలవంచుకున్నారో. పైన చక్రం ఉంది, చక్రం మీద చిన్న చిన్న బొమ్మలు, వాటిలో ఒకటి పరిగెత్తే మనిషి. వేలి గోరంత కూడా లేదు. ముందుకు వంగి, ఒక కాలు వెనక్కి చాపి, దమ్ము పట్టి పరిగెడుతోంది ఆ బొమ్మ. అంగట్లో మొదటిసారి చూసినప్పుడే కృపామణి దానితో ప్రేమలో పడిపోయింది. గిరి చక్రాన్ని ఆ బొమ్మ మీదికి తిప్పి, నొక్కి పట్టుకుంటే వరసగా తీస్తుందని చెప్పి, “ఇది కొత్తగానే ఉండాది మేడం. దీన్నెవురూ వాడలా. పెండ్లిలో ఎవురు పరిగెత్తతారు?” అన్నాడు. తర్వాత నవ్వు ఆపి నిజం కూడా చెప్పాడు. శానా ఫొటోలు తీసిన మిషను, ఎప్పుడు నిలబడిపోతుందో చెప్పలేను, నా దగ్గర గ్యారంటీ ఉండదు, పొద్దుగూకినాక కొంచెం మసకగా తీస్తుంది, డబ్బులు రెంటికీ ఒకటే, ఆలోచించుకోండి అన్నాడు. మంచివాడే. దాచి ఉంటే ఇంత గుంజాటన ఉండేది కాదు.

కన్ను ఆనించి చూస్తే లోపల ఒక వేపాకు కనిపించింది. ఒకే ఒక్క ఆకు, దాని ఈనెలతో సహా. కొంచెం జరిపితే గోడ, గోడ మీద సున్నం పెచ్చు. ఇంకొంచెం జరిపితే ఎవరిదో చెవి, చెవికి కమ్మ. పిల్లలు ఎక్కడ? ఇంత మంది పిల్లలు కళ్లముందు గంతులేస్తుంటే ఈ సొరంగంలో ఒక్కరూ దొరకరే! చెవి వెనక పడితే చెవి పారిపోయింది, జడ దొరికి మాయమైంది, ఒక మోకాలు ఇటు నుంచి అటు దూసుకుపోయింది. కృపామణికి చెమట పట్టింది. జయరావు నవ్వుతున్నట్టు చెవిలో వినిపించింది, చెప్పానా లేదా, ఇనప గుండు. దించేసి కళ్లు తుడుచుకుంది. మామూలు కళ్లతో ఆట చూసింది. మామూలు కళ్లకు ఎంత స్పష్టంగా ఉంది! అదిగో పొడుగు పిల్ల, భుజం దించింది, దించిందంటే ఇంకో రెండడుగుల్లో ఎగురుతుంది, ఎగిరితే పోలుకు ఎడమ వైపే, ఎందుకంటే కుడి పాదం కొంచెం లోపలికి వేస్తోంది. ఎగిరింది. ఎడమ వైపే. అరే. ఇదంతా నాకు ముందే తెలుస్తోంది కదా. ఇన్నేళ్లుగా చేసిందల్లా ఇదే కదా, పిల్లల పాదాలు చూసి, భుజాలు చూసి, ఎవరు ఎప్పుడు ఎటు దూకుతారో కనిపెట్టి అరవడం. మరి పిల్ల వెనక ఈ సొరంగాన్ని తిప్పుకుంటూ పరిగెత్తడమెందుకు? పిల్ల రాబోయే చోటికి నేనే ముందుగా పోయి కూర్చుంటే పోలా? కెమెరా ఎత్తి పోలుకు గురిపెట్టింది, పోలు ఎడమ పక్క ఖాళీ గాలికి, బటన్ సగం నొక్కి పట్టుకుంది, లోపల ఏదో కిర్రుమని సర్దుకుని పోలు మీద గీసిన గీతలు కూడా అద్దంలా తేలాయి. రెండో కన్ను మూయలేదు. ఆ కన్ను బయట ఆటను చూస్తోంది. ఖో! ఖో! పిల్లలు లేస్తున్నారు, కూర్చుంటున్నారు, తప్పించుకునే పిల్ల చివరికొస్తోంది, పొడుగు పిల్ల వెనకే, రా, రామ్మా, రా తల్లీ, భుజం, భుజం దించు...

టకటకటకటక. కుట్టుమిషను మీద కాలు పెట్టినట్టు చేతుల్లోనే మోగింది.

ఊపిరి తీసుకోకుండానే తెర చూసింది. మొదటిదాంట్లో పోలు, ఒక చెయ్యి. రెండోది వచ్చేసరికి కృపామణి నోటి నుంచి చప్పుడేదో వచ్చింది, అది మాట కాదు. పిల్ల మొత్తంగా గాల్లో ఉంది. నేలకు అడ్డంగా, వదిలిన బాణంలా, కాళ్లు రెండూ వెనక్కి, చెయ్యి ముందుకు, వేలికొసలు అవతలి పిల్ల టీషర్టును అప్పుడే తాకుతూ. దుమ్ము ఇంకా లేవలేదు. కళ్లు పెద్దవిగా తెరుచుకుని ఉన్నాయి, భయం లేదు, ఎటు పడతానో అన్న ఆలోచనే లేదు. వెనక చదరాల్లో కూర్చున్న పిల్లల మొహాలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఇక జడ! ఆ పిల్ల జడ వీపును వదిలేసి, ఎవరో కొస పట్టుకుని లాగినట్టు, సూటిగా గాల్లో నిలబడి ఉంది.

“నీ జడ నీ ఎనకాల నిలబడి వస్తా ఉండింది మ్మా.” ఎవరన్నారు ఆ మాట? నాయన. చిత్తూరు నుంచి ఊరికి సైకిలు తొక్కుతూ, వెనక క్యారేజీ మీద కూర్చున్న తనకు వినబడేలా తల పక్కకు తిప్పి అన్నాడు. నాయన గోవిందయ్య అప్పట్లో చిత్తూరు మామిడి మండీలో బుట్టలు మోసేవాడు, ఆ రోజు మేస్త్రీకి ఏదో చెప్పి, తలపాగా కూడా విప్పకుండా వచ్చి గ్రౌండు కంచె పట్టుకుని నిలబడ్డాడు. తను బడిలో చదివే రోజుల్లో, నాలుగొందల మీటర్ల పందెం. కాళ్లకు బూట్లు లేవు, మట్టి కాలుతోంది, ఆఖరి మలుపులో ముందు ఎవరూ లేరు. లేరని తెలిసినప్పుడు ఎలా ఉండిందో! ఆ ఖాళీ, ఆ గాలి, తన ఊపిరి తనకే ఎవరిదో లాగ వినిపించడం. ఆ రోజు ఫొటోగ్రాఫరు వచ్చాడు. తీశాడు కూడా. సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు తీశాడు, అందులో కలెక్టరాఫీసు పెద్దమనిషి నిండుగా ఉన్నాడు, ఆయన మోచేతి వెనక కృపామణి చెవి, నుదురు కనిపిస్తాయి. నాయన దాన్ని చర్చి క్యాలెండరు పక్కన గోడకు అతికించి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ, ఆయన మోచెయ్యి ఎనకాల ఉండేది మా కృప అని వేలు పెట్టి చూపించేవాడు. జడ సంగతి మాత్రం తను నమ్మలేదు. జడ ఎక్కడైనా నిలబడుతుందా, నాయనకు మురిపెం, అంతే అనుకుంది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మోకాలు దెబ్బతింది, నాయన పోయాడు, ఇన్నేళ్లూ అలాగే అనుకుంది. నాయనా, నిలబడుతుందే. నువ్వు చూసిందే చెప్పావు. కంచె అవతల నుంచి, బుట్టలు మోసే పని మధ్యలో, కెమెరా లేకుండా నువ్వు ఒక్కడివే దాన్ని పట్టుకున్నావు.

“మేడం, నన్నే తీసినారా?” పొడుగు పిల్ల రొప్పుతూ ఎదురుగా నిలబడింది. పేరు హంసిని అట. గడ్డానికి మట్టి, మోచేతి మీద గీరుకున్న ఎర్రటి గీత. కృపామణి తెర ఆమె వైపు తిప్పింది. పిల్ల ముందు నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. వంగి చూసింది, ఇంకా దగ్గరికి వంగింది, దాని ఊపిరికి తెర మసకబారితే కృపామణి చున్నీతో తుడిచింది. “ఇది నేనా?” అంది చివరికి, చాలా మెల్లగా, నిద్రపోయే వాళ్లను లేపకూడదన్నట్టు. తర్వాత ఒక్కసారిగా వెనక్కి తిరిగి, “మేయ్! రాండే! బిన్నా రాండి! నేను ఎగరతా ఉండాను సూడండే!” అని గ్రౌండంతా మోగేలా అరిచింది. పసుపు టీషర్టులన్నీ వచ్చి మీద పడ్డాయి. చెమట వాసన, మట్టి వాసన, నూనె తలలు, నన్ను తియ్యండి మేడం, నన్ను, నన్ను, ఇది మళ్లీ సూపియ్యండి. శకుంతలమ్మ ఈల వేసి వేసి విసిగి తనూ వచ్చి చూసింది. చూసి ఈల నోట్లోంచి తీసేసింది. “ఇంత ఎత్తు ఎగరతాందా మే ఇది!” అంది. “రోజూ సూస్తానే ఉండాను, సూళ్లేదే నేను.”

కృపామణి తీసింది. ఎగిరేవాళ్లను, తప్పించుకునేవాళ్లను, పడి లేచి నవ్వేవాళ్లను. సగం వృథా పోయాయి, కాళ్లు తెగాయి, తలలు తెగాయి, అయినా మధ్యమధ్యలో ఒకటి తేలుతోంది, చేపల వలలో వెండిలా. చెయ్యి నొప్పి పుడుతోంది, తెలుస్తోంది గానీ అది వేరే ఎవరి చెయ్యో. కొండ మీది ఎరుపు పైకి పాకి పోయింది, వెలుతురు పలచబడింది, గిరి చెప్పినట్టే ఫొటోల్లో నూకపిండి చల్లినట్టు గరుకు వచ్చింది. రానీ. శనివారం ఆట పొద్దున పూటే. పాతదైతే ఆగిపోతుందేమో, ఆగనీ, కొత్తది ఆగకుండా ఏళ్ల తరబడి దుమ్ము తీస్తుంది, ఏం చేసుకోను దాన్ని? మోకాలు దెబ్బతిన్న మనిషి ఇంకో పాత మిషనును చూసి భయపడితే ఎలా? తేలిపోయింది. ఎప్పుడు తేలిందో తనకే తెలియలేదు, కుట్టుమిషను మోగినప్పుడే అయ్యుండాలి. తేలిపోయిన ఆనందంలో ఒళ్లంతా తిమ్మిరెక్కింది, ఏదో ఒకటి చెయ్యాలి, అరవాలి, గంతెయ్యాలి. చూస్తే చేతులు వాటంతటవే కెమెరాను మెడలోంచి తీసి హంసిని మెడలో వేస్తున్నాయి.

“ఇదిగో పాపా, ఈడ నొక్కి పట్టుకో. ఆ వేపచెట్టు కాడికి గురి పెట్టు. నేను చెట్టు దాటేదానికి ముందే నొక్కాల, దాటినాక కాదు. తెలిసిందా?” అని చిన్న కెమెరాను శకుంతలమ్మకు అప్పగించింది. చెప్పులు విడిచింది. చున్నీని నడుముకు బిగించింది. శకుంతలమ్మ, “ఏం మే, ఏం చేస్తా ఉండావు?” అంటూనే ఉంది. అరికాలి కింద మట్టి ఇంకా వెచ్చగా ఉంది. ఆఖరిసారి ఎప్పుడు పరిగెత్తింది? బస్సు కోసం పరిగెత్తింది, కుక్కను చూసి పరిగెత్తింది, పాలు పొంగితే పరిగెత్తింది. ఊరికే ఎప్పుడు పరిగెత్తింది? మోకాలు వద్దంది. గమ్మునుండు అంది దానితో. వంగింది, వేళ్లు మట్టికి ఆనించింది, ఎవరూ ఈల వెయ్యకుండానే లేచింది. మొదట బరువు, పొట్ట, రొమ్ములు, తొడలు, అన్నీ వేరువేరుగా వస్తున్నాయి, తర్వాత ఏదో ఒక అడుగులో అన్నీ ఒకటై కలిసి వచ్చాయి, గాలి చెవుల్లో పాత చప్పుడు చేసింది, ముందు ఎవరూ లేరు, చెట్టు, చెట్టు, పిల్లల కేకలు, మేడం, మేడం, టకటకటక ఎక్కడో పక్కన, చెట్టు దాటి గోడ దాకా పోయి గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడింది. నవ్వుతోందో రొప్పుతోందో తెలియడం లేదు.

“ఎవురన్నా తరిమినారా మే నిన్ను?” అంటూ వచ్చింది శకుంతలమ్మ.

“లేదక్కా,” అంది, ఊపిరి అందక ఆగి, “ఊరికే.”

హంసిని కెమెరాను రెండు చేతులా ఎత్తిపట్టుకుని, అమ్మవారి హారతి పళ్లెంలా జాగ్రత్తగా తెచ్చింది. “మేడం, మీరు నేల మీద లేరు,” అంది.

నిజమే. వెనక వేపచెట్టు కొంచెం వంకర పోయింది, తల మీది నుంచి ఆకాశం కొంత తెగింది. మధ్యలో ఒక లావుపాటి మనిషి, నెరిసిన జుట్టు చెదిరి, చున్నీ కొస వెనక్కి ఎగురుతూ, పళ్లు కరుచుకుని, ఎవరినో పట్టేసుకునేలా ముందుకు వంగి. రెండు పాదాలూ గాల్లో ఉన్నాయి. కింద పలచటి నీడ ఉంది, నీడకూ పాదాలకూ మధ్య ఖాళీ ఉంది. కృపామణి ఆ ఖాళీని చూసింది. ఎంతసేపు చూసిందో, పిల్లలు ఒకరొకరుగా వచ్చి ఆమె భుజాల మీదుగా తెరలోకి తొంగి చూశారు.

అంగడికి చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. గిరి ఆమె ఫోను తిరిగిచ్చి, చిన్న కెమెరాను తీసుకుని అద్దాల బీరువాలో పెట్టేశాడు, పెద్దదాని బ్యాటరీ చూశాడు, లెన్సు తుడిచాడు. “ఇంకో తూరి చెప్తా ఉండాను మేడం, గ్యారంటీ లేదు,” అన్నాడు. “శనివారం పొద్దున అది నాకు ఒక్క ఫొటో ఇస్తే చాలప్పా. ఆ పైన దాని ఇష్టం,” అంది. అతను తల ఊపి, అలవాటుగా, “కార్డు నా అంగడిది. అందులో ఉండే ఫొటోలు తుడిపేసి, మిషను సంచిలో పెట్టి ఇస్తా,” అంటూ చిన్న మీట మీద బొటనవేలు పెట్టాడు.

“ఆగప్పా!”

గ్రౌండులో పోలు ఆ చివర ఉన్న పిల్లకు వినబడేలా అరిచే గొంతు అది. గిరి వేలు గాల్లోనే ఆగింది, పక్క అంగడి వాళ్లు తొంగి చూశారు, రోడ్డు మీద పోయే స్కూటరాయన బ్రేకు వేశాడు. కృపామణి చెయ్యి చాపి, పసుపు ఇరుక్కున్న ఆ బరువును అతని చేతుల్లోంచి తన చేతుల్లోకి తీసుకుంది.

“కార్డుతో సహా కావాల,” అంది.